ఇంటి పని, మీ ప్రశ్నలు: ఎండీఎఫ్ బోర్డుకు వాటర్ బేస్ పెయింట్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎండీఎఫ్ బోర్డు గురించే. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చినవాటిని ఒక్కచోట చేర్చి జవాబులిస్తున్నాం. ఒకే సందేహం ఇద్దరు ముగ్గురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

*

ప్రశ్న: బట్టల అల్మారాకు 18 ఎంఎం ఎండీఎఫ్‌తో ఎనిమిది తలుపులు చేయించాం. ఒక్కోటి 5 అడుగుల ఎత్తు, 2 అడుగుల వెడల్పు. చంటిపిల్ల ఉన్న ఇల్లు కాబట్టి ఆయిల్ ఎనామిల్ వద్దనుకొని వాటర్ ఎనామిల్ (నీళ్లు కలిపి వేసే ఎనామిల్ రంగు) మేమే వేసుకుందామనుకుంటున్నాం. గోడలకు వేసే ప్రైమరే దీనికీ సరిపోతుందని దుకాణంలో అన్నారు. నిజమేనా? మొదటి నుంచి వరుసగా చెప్పండి.
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: సరిపోదమ్మా. గోడ ప్రైమర్‌లో నీళ్లు ఎక్కువ. సిమెంటు గోడ ఆ నీటిని పీల్చుకున్నా మారదు, ఎండీఎఫ్ మారుతుంది. జామాయిల్ వంటి కర్రను పీచుగా చేసి, యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు కలిపి, వేడి ప్రెస్సులో నొక్కితే ఈ బోర్డు తయారవుతుంది. నొక్కుడులో అణిగిపోయిన పీచు తడి తగిలితే మళ్లీ లేస్తుంది. అందుకే పచ్చి బోర్డు మీద పడే మొదటి కోటులో నీళ్లు లేకుండా చూసుకోవాలి. ఆ ఒక్కటి సరిగ్గా జరిగితే, ఆపైన వాటర్ ఎనామిల్ ఎన్ని కోట్లు వేసినా బోర్డుకు తెలియదు.

మొదటి కోటుకు ఆయిల్ బేస్ వుడ్ ప్రైమర్ (తెలుపు) తీసుకోండి. వాసన ఉంటుంది, కానీ అది ప్రైమర్ పని జరిగే కొద్ది రోజులే. ఆ పని డాబా మీదో, వసారాలోనో పెట్టుకొని, వాసన పూర్తిగా పోయాకే తలుపులు లోపలికి తెచ్చుకోండి. వాటర్ బేస్ వుడ్ ప్రైమర్లు కూడా దొరుకుతాయి. వాటితోనూ పని అవుతుంది గానీ మొదటి కోటుకు నూగు లేవడం ఖాయం. దాన్ని పూర్తిగా రుద్ది రెండో కోటు వేయాలి, అంచులకు మూడోది కూడా పడుతుంది.

ముందుగా కబ్జాలు, పిడులు అన్నీ విప్పేసి, ఏ తలుపు ఎక్కడిదో కబ్జా గుంతలో పెన్సిల్‌తో నంబరు వేసుకోండి. ఒక్కో తలుపు 12 కిలోల పైనే తూగుతుంది, తిప్పేటప్పుడు ఇద్దరు పట్టాలి. పిడులకు రంధ్రాలు పెట్టాల్సి ఉంటే రంగుకు ముందే పెట్టించండి. రంగయ్యాక డ్రిల్ పెడితే రంధ్రం చుట్టూ పెచ్చు లేస్తుంది, లోపలి పచ్చి పీచు గాలికి తెరుచుకుంటుంది.

ఇక అంచులు. ఈ పనిలో సగం శ్రమ ఇక్కడే పెట్టండి. బోర్డు పైముఖం గట్టిగా, నున్నగా ఉంటుంది. మధ్య పొర అంత గట్టిగా ఉండదు. రంపంతో కోసినచోట ఆ మధ్య పొరే బయటపడి రంగును లాగేసుకుంటుంది. ముఖం మెరుస్తుండగా అంచు మాత్రం గరుకుగా, వెలిసినట్టు కనిపించడానికి కారణం అదే. చేయాల్సింది ఇది: చెక్క ముక్కకు 180 నంబరు ఎమరీ పేపర్ చుట్టి అంచును సాఫు చేయండి. మూలగీతను 2 ఎంఎం మేర గుండ్రంగా తీయండి. పదునైన మూల మీద రంగు నిలవదు, ఆరేటప్పుడు రెండు వైపులకూ జారి అక్కడ పలచబడుతుంది, తలుపు వేసి తీసే కొద్దీ ముందు అక్కడే ఊడుతుంది. తర్వాత 240 నంబరుతో ఇంకోసారి రుద్ది, పొడి గుడ్డతో దుమ్ము తుడవండి. తడిగుడ్డ ఈ దశలో ముట్టుకోవద్దు.

అంచులకు ప్రైమర్ బ్రష్‌తో ఒక కోటు వేయండి. ఆరాక చెక్క లప్పం పలచగా, రేకుతో గట్టిగా అదిమి తీయండి. లప్పం పీచు సందుల్లోకి పోవాలి, పైన మందంగా నిలవకూడదు. ఆరాక 320తో రుద్ది, మళ్లీ ప్రైమర్. గోడలకు పెట్టే తెల్ల సిమెంటు లప్పం ఇక్కడ పనికిరాదు. దానిలోని నీళ్లు పీచును ఉబ్బిస్తాయి, గట్టిపడ్డాక అది పెళుసు, తలుపు కొట్టుకున్నప్పుడల్లా చిట్లుతుంది. లోతైన గుంతలు, స్క్రూ తలలు ఉంటే కార్లకు వాడే రెండు భాగాల పుట్టీ బాగా పనిచేస్తుంది. అది నిమిషాల్లో బిగుసుకుంటుంది కాబట్టి నిమ్మకాయంత మాత్రమే కలుపుకోండి.

కబ్జా కూర్చునే 35 ఎంఎం గుంత లోపల కూడా ప్రైమర్ పూయండి. అక్కడ అంతా పచ్చి పీచే. చాలామంది వదిలేస్తారు, వానాకాలంలో స్క్రూలు వదులయ్యేది అక్కడే.

ముఖాలకు ప్రైమర్ రెండు వైపులా ఒక కోటు, బయటి వైపు రెండో కోటు. ఆరిందో లేదో చేతితో తాకి కాదు, 320 పేపర్‌తో చూడండి. తెల్లటి పొడి రాలితే ఆరినట్టు, పేపర్‌కు ముద్దలుగా అంటుకుంటే ఇంకా ఆరలేదన్నట్టు. ఎండాకాలంలో ఒక రోజు, ముసురు పట్టినప్పుడు రెండు రోజులు పడుతుంది. ఆరని ఆయిల్ ప్రైమర్ మీద వాటర్ ఎనామిల్ వేస్తే పట్టు దొరకదు, నెల తిరక్కముందే పొరలుగా లేస్తుంది. ఆరిన ప్రైమర్‌నైనా 320తో అంతటా ఒకసారి గీసి, మెరుపు పోగొట్టాకే ఎనామిల్ మొదలుపెట్టండి.

ఎనామిల్ డబ్బాను ఊపకండి, బుడగలు పుడతాయి. కర్రతో అడుగు నుంచి నెమ్మదిగా కలపండి. లీటరుకు 50 నుంచి 100 మిల్లీలీటర్ల నీళ్లు చాలు, డబ్బా మీద ఇంకో లెక్క ఉంటే అదే పాటించండి. తలుపును నాలుగు సీసా మూతల మీద పడుకోబెట్టి, ముందు అంచులు నైలాన్ బ్రష్‌తో, వెంటనే ముఖం 4 అంగుళాల ఫోమ్ రోలర్‌తో వేయండి. చివరి దెబ్బలు అన్నీ ఒకే దిక్కుకు, రోలర్ బరువు తప్ప చేతి బరువు లేకుండా. పంది వెంట్రుకల బ్రష్ నీళ్లు తాగి మెత్తబడుతుంది, చారలు మిగులుతాయి. కోటుకూ కోటుకూ మధ్య 4 గంటలు, మధ్యలో 320తో తేలిక రుద్దుడు. అవతలి వైపు మర్నాడే తిప్పండి.

రోలర్ దాటిపోయిన చోట ఏదో మిగిలిందనిపించి వెనక్కి వెళ్లడం అందరూ చేసే పని. వెళ్లకండి. వాటర్ ఎనామిల్ పైపొర కట్టడం మొదలయ్యాక మళ్లీ తాకితే చిరిగి గీతలు పడతాయి. మన వేసవిలో అందుకు రెండు మూడు నిమిషాలు చాలు. ఏప్రిల్, మే నెలల్లో పని తప్పనిసరైతే పొద్దున తొమ్మిదిలోపు ముగించండి, ఎండ పడని చోట, ఫ్యాన్ ఆపి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం ఈ పనికి అన్నిటికన్నా అనుకూలం.

మీ ఎనిమిది తలుపులకు రెండు వైపులు, అంచులు కలిపి సుమారు 167 చదరపు అడుగులు. ప్రైమర్ రెండున్నర లీటర్లు, ఎనామిల్ రెండు కోట్లకు మూడు లీటర్ల పైన పడుతుంది, కాబట్టి 4 లీటర్ల డబ్బా తీసుకోండి. మిగిలింది మూత బిగించి దాచుకుంటే తర్వాత గీతలు పడ్డచోట అదే రంగు దొరుకుతుంది. ఫుల్ గ్లాస్ (బాగా మెరిసే రకం) కన్నా శాటిన్ ఫినిష్ (మెరుపు తక్కువ ఉండే రకం) తీసుకోమని మా సలహా. చేతిపనిలోని చిన్నచిన్న లోపాలను గ్లాస్ ఎత్తి చూపిస్తుంది, శాటిన్ కప్పేస్తుంది. తెల్లరంగు విషయంలో మాత్రం వాటర్ ఎనామిల్‌కే మార్కులు: ఆయిల్ ఎనామిల్ తెలుపు వెలుతురు తగలని అల్మారా లోపల ఏడాది రెండేళ్లలో పసుపెక్కుతుంది, అక్రిలిక్‌తో చేసే వాటర్ ఎనామిల్ అలా మారదు.

*

ప్రశ్న: ప్రైమర్ లేకుండానే నేరుగా ఒక కోటు వేసేశాను. బోర్డంతా గరుకుగా నూగు లేచింది, అంచులు ఉబ్బాయి. బోర్డు పారేయాల్సిందేనా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ముఖం మీది నూగుకు భయం లేదు. మూడు రోజులు నీడలో ఆరనివ్వండి. ఆత్రపడి తడి మీద రుద్దితే పీచు తెగదు, మడత పడి మళ్లీ లేస్తుంది. బాగా ఆరాక 180, ఆపైన 240 పేపర్‌తో పొడిగానే రుద్దండి. నీళ్లు చల్లి రుద్దే అలవాటు మీ పెయింటర్‌కు ఉంటే దీనిమీద వద్దని ముందే చెప్పండి. తర్వాత ఆయిల్ బేస్ ప్రైమర్ వేసి, పై జవాబులో చెప్పిన వరుసలో సాగండి.

అంచుల సంగతి వేరు. ఉబ్బిన ఎండీఎఫ్ ఆరినా మునుపటి మందానికి రాదు. అరమిల్లీమీటరు, మిల్లీమీటరు ఉబ్బయితే రుద్ది సమం చేయొచ్చు. గోటితో నొక్కితే లోపలికి దిగేంత మెత్తబడితే ఆ మేర కోయించేసి, కొత్త పట్టీని జిగురుతో అతికించడం మేలు. మెత్తబడిన పీచు మీద ఎంత లప్పం పెట్టినా పీచుతో సహా ఊడి వస్తుంది.

*

ప్రశ్న: మాది బోరు నీళ్లు. పెయింట్‌లో కలిపితే సన్నటి పలుకులు కడుతున్నాయి. మా నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అంటారు, దానివల్లేనా?
– ఒక పాఠకుడు, మర్రిగూడ

జవాబు: ఫ్లోరైడ్ వల్ల కాదు. తాగే మనిషి ఎముకలకు చేటు చేసే ఫ్లోరైడ్ కూడా లీటరుకు కొన్ని మిల్లీగ్రాములే, అది రంగును ఏమీ చేయదు. అనుమానించాల్సింది నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలను. వాటర్ పెయింట్‌లో అక్రిలిక్ రేణువులు ఒకదాన్నొకటి అంటుకోకుండా నీటిలో తేలుతుంటాయి. లవణాలు ఎక్కువైతే ఆ తేలుడు చెడి రేణువులు గుంపు కడతాయి. మొత్తం పనికి కావాల్సినవి అరలీటరు నీళ్లు కూడా కాదు, ఫిల్టర్ నీళ్ల క్యాన్ నుంచో, భగీరథ నల్లా నుంచో తీసుకోండి. పలుకులు కట్టిన రంగును పాత నైలాన్ మేజోడుతో వడకట్టి లోపలి వైపులకు వాడుకోవచ్చు, బయటి ముఖానికి వద్దు. బ్రష్షులు, రోలర్లు కడగడానికి బోరు నీళ్లకు అభ్యంతరం లేదు.

ఇంకో కారణం కూడా చూసుకోండి: నిన్నటి రోలర్‌లో ఎండిన రంగు రేకులు డబ్బాలో పడినా ఇలాగే కనిపిస్తుంది. అందుకే డబ్బాలో నేరుగా ముంచకుండా, కావాల్సినంతే ట్రేలో పోసుకోవాలి.

*

ప్రశ్న: దేవుని మందిరానికి 8 ఎంఎం ఎండీఎఫ్ మీద సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రం) జాలీ కోయించాం. తెలుపు వేసి, పూల దగ్గర బంగారు రంగు వేయాలని ఉంది. రంధ్రాల లోపల ఎలా వేయాలి? దీపం వేడికి రంగు పాడవుతుందా?
– ఒక పాఠకురాలు, గద్వాల

జవాబు: జాలీ అంటే మొత్తం అంచులే. మొదటి జవాబులో అంచుల గురించి చెప్పిందంతా మీకు వంద రంధ్రాల లెక్కన వర్తిస్తుంది. కానీ ప్రతి రంధ్రంలో లప్పం అదమడం ఎవరి వల్లా కాదు. దానికి బదులు ప్రైమర్‌ను థిన్నర్‌తో కాస్త పలచబరిచి, అర అంగుళం బ్రష్‌తో రంధ్రాల గోడలకు రెండు కోట్లు పట్టించండి. మొదటిది పూర్తిగా ఇంకిపోతుంది, రెండోది పైన నిలుస్తుంది. ఆరాక 320 పేపర్‌ను సన్నటి పుల్లకు చుట్టి లోపల ఒక్కసారి తిప్పితే చాలు. జాలీని నిలబెట్టి వేయండి. పడుకోబెడితే రంధ్రాల అడుగున రంగు చేరి, ఆరాక గడ్డల్లా కనిపిస్తుంది. వేసిన ప్రతి పది నిమిషాలకు వెనుకవైపు చూసి, కారిన చుక్కలను పొడి బ్రష్‌తో తీసేయండి. స్ప్రే గన్ దొరికితే జాలీ పనికి దాన్ని మించింది లేదు. నాలుగు దిక్కుల నుంచీ పలచగా కొట్టించాలి, ఎదురుగా మాత్రమే కొడితే రంధ్రాల గోడలు తెల్లబడవు.

బంగారు రంగు వాటర్ బేస్‌లోనే చిన్న సీసాల్లో దొరుకుతుంది. తెలుపు రెండో కోటు వేశాక ఒక రోజు ఆగి, మెత్తటి బొమ్మల బ్రష్‌తో రెండు పలచటి పూతలు వేయండి. మందంగా ఒకేసారి వేస్తే లోహపు పొడి ఒకచోట పేరుకొని మచ్చలు తేలుతుంది.

దీపం సంగతి గట్టిగా చెప్పాలి. ఏ రంగూ బోర్డును మంట నుంచి కాపాడదు. వాటర్ పెయింట్ వేడికి మెత్తబడి మసిని పట్టేస్తుంది, ఆ తర్వాత కడిగినా పోదు. కింద ఎండీఎఫ్ మాడే వస్తువే. దీపం కుందికి వెనక, పైన పడే భాగంలో జాలీ పెట్టకుండా గ్రానైట్ ముక్కో, టైలో, ఇత్తడి రేకో పెట్టించండి. కుంది కింద పళ్లెం ఉంచండి. నూనె ముఖం మీద కన్నా, కింది అంచులోంచి బోర్డులోకి పోయినప్పుడే ఎక్కువ నష్టం.

*

ప్రశ్న: అంచులకు ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పూస్తే చాలని వడ్రంగి అన్నాడు. ఖర్చు కూడా తక్కువే కదా?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: మామూలు తెల్ల జిగురు ఆరాక కూడా నీళ్లకు మెత్తబడుతుంది. పైన వాటర్ పెయింట్ పడగానే మళ్లీ తడిసి కదులుతుంది. పేపర్‌తో రుద్దితే వేడికి జిగటై పేపర్‌ను మూసేస్తుంది, సాఫీ అంచు రాదు. గోడకు ఆనుకొని కనబడని చోట్ల అయితే కానివ్వండి, కనబడే అంచుకు మాత్రం ప్రైమర్, లప్పమే. పాతకాలం పాలిష్ వాళ్లు వాడే చపడా (లక్క) స్పిరిట్‌లో కరిగించి పూసినా అంచు బాగా మూసుకుంటుంది. అందులో నీళ్లు లేవు, గంటలో ఆరుతుంది.

*

ప్రశ్న: తలుపులు బిగించిన మూడో రోజు తెరిస్తే చట్రానికి అంటుకొని రంగు ఊడి వచ్చింది. రంగు నకిలీదా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: నకిలీ అనుకోనక్కర్లేదు. వాటర్ ఎనామిల్ గంటలో చేతికి అంటకుండా ఆరుతుంది గానీ, లోపల గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు రంగు వేసిన రెండు ముఖాలు ఒకదానికొకటి నొక్కుకుంటే అతుక్కుంటాయి. ముదురు రంగుల్లో స్టెయినర్ (రంగు కోసం కలిపే ద్రవం) ఎక్కువ ఉంటుంది కాబట్టి అవి ఇంకా ఆలస్యంగా గట్టిపడతాయి. రెండు కోట్లకు బదులు ఒకే మందపు కోటు వేసినా ఇదే జరుగుతుంది.

ఊడినచోట చుట్టూ 320తో మెట్టు లేకుండా రుద్ది, చెక్క కనిపిస్తే ప్రైమర్ పెట్టి, రెండు పలచటి కోట్లు వేయండి. తలుపులను నెలరోజులు ఓరగా తెరిచి ఉంచండి. రాత్రి మూయక తప్పకపోతే మధ్యలో బటర్ పేపర్ పెట్టండి, న్యూస్ పేపర్ వద్దు, సిరా అంటుతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే చిన్న రబ్బరు బొట్లు తలుపు మూలల్లో అంటిస్తే ఇకముందు ముఖానికి ముఖం తగలదు. గోటితో మెల్లగా నొక్కితే గుర్తు పడనప్పుడు రంగు గట్టిపడ్డట్టు. అప్పటిదాకా తడిగుడ్డ, సబ్బు కూడా దూరం పెట్టండి.

*

ప్రశ్న: 4 అడుగుల ఎండీఎఫ్ పలకకు ముందువైపే రంగు వేశాం. వారంలో విల్లులా వంగింది.
– ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: రంగు ఉన్న వైపు గాలిలోని తేమను ఆపుతుంది, లేని వైపు పీల్చి వదులుతుంది. రెండు వైపులూ ఒక్కతీరు కదలక పలక వంగింది. వెనకవైపు కూడా అదే ప్రైమర్, అవే కోట్లు వేసి, చదునైన నేల మీద బరువు పెట్టి వారం ఉంచండి. కొత్త వంపు చాలావరకు సర్దుకుంటుంది. పలక 9 ఎంఎం కన్నా పలచనిదైతే వెనక చట్రం కొట్టించక తప్పదు.

*

ప్రశ్న: ఇంట్లోనే రుద్దుకోవచ్చా? దుమ్ము ప్రమాదమని ఎవరో అన్నారు.
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: బయటే రుద్దండి. ఈ దుమ్ము రంపపు పొట్టులాంటిది కాదు, మైదాపిండి కన్నా మెత్తన, గాలిలో గంటల కొద్దీ తేలుతుంది. చెక్క దుమ్మును, ఫార్మాల్డిహైడ్‌ను రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి జాబితాలో చేర్చింది. దస్తీ కట్టుకుంటే సరిపోదు, ముక్కు మీద బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్కు కావాలి, కళ్లకు అద్దాలు కూడా. పొయ్యి, బీడీ దగ్గర్లో ఉండకూడదు. దుమ్మును చీపురుతో ఊడిస్తే మళ్లీ లేస్తుంది, నేల మీద నీళ్లు చిలకరించి తడిగుడ్డతో ఎత్తండి (బోర్డు మీద కాదు సుమా). కొనేటప్పుడే ఈ1 లేదా ఈ0 అని రాసి ఉన్న బోర్డు అడగండి, అందులోంచి ఫార్మాల్డిహైడ్ తక్కువ వెలువడుతుంది.

*

ప్రశ్న: తాండూరు బండల నేల. గోడ అడుగున ఎండీఎఫ్ స్కర్టింగ్ పెట్టి రంగు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: నేలను బకెట్‌తో నీళ్లు కొట్టి కడిగే ఇంట్లో వద్దు. ఎంత రంగు వేసినా బండల సందుల్లో నిలిచిన నీళ్లు కింది అంచుకు పడతాయి. ఆ బండ పట్టీలనే స్కర్టింగ్‌గా పెట్టించండి, ఖర్చు తక్కువ, ఏళ్ల తరబడి ఉంటాయి. తడిగుడ్డతో మాత్రమే తుడిచే గదిలో పెట్టి తీరాలంటే తేమను తట్టుకునే హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు తీసుకోండి. బిగించే ముందే ఆరు వైపులా ప్రైమర్ వేసి, నేలకు 3 ఎంఎం ఎడం వదిలి, ఆ సందును రంగు పట్టే అక్రిలిక్ సీలెంట్‌తో మూయండి. మామూలు సిలికాన్ మీద పెయింట్ నిలవదు.

*

ప్రశ్న: ముందే లామినేట్ అంటించి వచ్చిన ఎండీఎఫ్ టేబుల్ ఉంది. దాని మీద వాటర్ పెయింట్ పడుతుందా?
– ఒక పాఠకురాలు, నారాయణపేట

జవాబు: నేరుగా పట్టదు. పాత్రల సబ్బుతో జిడ్డు తీసి ఆరబెట్టి, 220 పేపర్‌తో మెరుపంతా పోయేదాకా గీసి, నున్నటి ఉపరితలాలకని అమ్మే బాండింగ్ ప్రైమర్ ఒక కోటు వేయండి. మర్నాడు ఆ కోటు మీద బ్లేడుతో చిన్న గళ్లు గీసి, సెల్లోటేపు అంటించి ఒక్కసారిగా లాగండి. టేపుకు ప్రైమర్ రాకపోతే ఎనామిల్ మొదలుపెట్టొచ్చు. వస్తే మొత్తం గీకేసి మళ్లీ రుద్దాలి. లామినేట్ అంచున ఎక్కడైనా లేచి ఉంటే ముందు దాన్ని జిగురుతో అంటించి, ఒక రాత్రి క్లాంపు బిగించి ఉంచండి.